ఉప్పు గదిలో నలభై సెకన్లు

గొంతు పోయిన రోజు సోమవారం. వాన పడుతోంది. నూకరాజును స్ట్రెచర్ మీద ఆపరేషన్ థియేటర్‌లోకి తోసుకెళ్తుంటే అతను తల పక్కకి తిప్పి, "గొడుగు ఆటోలో ఒగ్గీసినావేటి?" అని భార్యను అడిగాడు. మాలక్ష్మి అవును, వదిలేశానంది. అతను ఇంకేదో అనబోయి, నవ్వి ఊరుకున్నాడు. తలుపులు మూసుకున్నాయి.

అతను పైకి అన్న ఆఖరి మాట అదే. సాయంత్రానికి గొంతులోని పుండుతో పాటు స్వరపేటికనూ తీసేశారు. ప్రాణం దక్కింది గనక మాలక్ష్మి ఏడవలేదు. మర్నాడు తాను పనిచేసే బడికి వెళ్ళి, బీరువాలో పనికిరాకుండా పడున్న రాతిపలక ఒకటి హెడ్మాస్టరును అడిగి తెచ్చింది. ఇరవై రెండేళ్ళు అతను ఆ పలక మీదే మాట్లాడాడు. చేపల పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పినా, మరుసటి ఏడు పుట్టిన కూతురికి లిఖిత అని పేరు పెడదామన్నా, అన్నీ దాని మీదే.

పోయిన కార్తీకంలో ఓ మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. తలగడ పక్కన పలక మీద 'నాలుగింటికి లేపు' అని ఉంది. మాలక్ష్మి దాన్ని తుడవలేదు. అలాగే తీసి బీరువా మీద పెట్టింది.

ఇంట్లో అతని ఫొటోలు చాలా ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. అతనికి మాట ఉన్న రోజుల్లో వాళ్ళ ఇంటికి సెల్‌ఫోను రాలేదు. పెళ్ళికి వీడియో తీయించారు గాని, ఆ వీడియో తీసినవాడు మాటలన్నీ తీసేసి మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలు పెట్టాడు. అందులో నూకరాజు నోరు కదులుతూ ఉంటుంది, పాట వినిపిస్తూ ఉంటుంది. లిఖితకు ఇప్పుడు ఇరవై ఒకటి. తండ్రి గొంతు ఎలా ఉండేదో తెలియదు. చిన్నప్పుడు, "సన్నంగా ఉండేదా, లావుగా ఉండేదా?" అని తల్లిని అడిగేది. భీమిలి హైస్కూల్లో ముప్పై ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్న మాలక్ష్మి, కొలిచి మాట్లాడే మనిషి, ఆ ఒక్క ప్రశ్నకు సరైన మాట వెతకలేకపోయేది. "బాగుండేది" అనేది.

క్యాసెట్టు బయటపడింది జూన్‌లో.

పెళ్ళికి ముందు నూకరాజుకు విశాఖపట్నంలో, హార్బరు రోడ్డులో, శ్రీ నూకాంబికా వీడియో అని చిన్న పార్లరు ఉండేది. పగలు క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. సాయంత్రం బల్లలు వేసి, టీవీ పెట్టి బొమ్మ ఆడించేవాడు. ఓడల మీద వచ్చే వంటవాళ్ళూ కళాసీలూ దేశదేశాల క్యాసెట్లు తెచ్చి మార్చుకుపోయేవాళ్ళు. ఆ భాషలు అక్కడ ఎవరికీ రావు. అందుకని నూకరాజు టీవీ పక్కన నిలబడి కథ చెప్పేవాడు. ముందు తాను రెండుసార్లు చూసి, అర్థమైనంత అర్థం చేసుకుని, కానిది కల్పించుకుని, తెలుగులో నడిపించేవాడు. జనం బొమ్మ కోసం కాదు, అతని కథ కోసం వచ్చేవాళ్ళు. జ్వరమొచ్చిన రోజున పార్లరు మూసుకోవాల్సి వచ్చేది. అందుకో ఉపాయం కనిపెట్టాడు. అతని వీసీఆర్‌కి ఒక మీట ఉండేది. దాన్ని నొక్కి పట్టి మైకులో మాట్లాడితే, బొమ్మ బొమ్మలాగే ఉండి, క్యాసెట్టులోని పాత శబ్దం మీద కొత్త మాట ఎక్కుతుంది. ఓ మధ్యాహ్నం షట్టరు దించుకుని ఒక్క సినిమాకి అలా చేశాడు. తర్వాత ఏడాదికే పార్లరు పోయింది.

లిఖిత పోర్టులో కంటెయినర్ల ఆఫీసులో పనిచేస్తుంది. ఊళ్ళో ఒక లాబువాళ్ళు పాత వీడియో పార్లర్ల క్యాసెట్లు సేకరిస్తున్నారని అక్కడ విని, తండ్రి ట్రంకు పెట్టెను ఆటోలో వేసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. నలభై క్యాసెట్లలో ముప్పై తొమ్మిదింటికి బూజు పట్టింది. నలభయ్యో దాని మీద జపాను అక్షరాలు, వాటి కింద నూకరాజు చేతిరాతతో 'ఉప్పు గది. కథ చెప్పినది' అని ఉంది.

మూడో రోజున లాబు అధిపతి డాక్టర్ భానోజీ స్వయంగా ఇంటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

అది భయానక చిత్రమట. నలభై ఏళ్ళ కిందట యాభై క్యాసెట్లు మాత్రమే వేశారట. మాతృక ఒక గోదాము అగ్నిప్రమాదంలో కాలిపోయింది. చూసినవాళ్ళు చెప్పుకోగా చెప్పుకోగా దానికి ప్రపంచమంతా భక్తులు తయారయ్యారు గాని, వాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మంది దాన్ని చూడనే లేదు. మిగిలిన ప్రతి ఇదొక్కటే. దాన్ని బాగుచేసి ఇళ్ళలో చూసుకునేలా మళ్ళీ విడుదల చెయ్యాలని జపానులో ఒక సంఘం పదేళ్ళుగా వెతుకుతోంది.

"బొమ్మ వచ్చేస్తుందండీ టీచరుగారూ. దానికి ఢోకా లేదు," అన్నాడు భానోజీ. "చిక్కంతా శబ్దంతోనే. పైన మీవారి గొంతుంది. అసలు శబ్దం దాని కింద ఉంది."

"చెరిగిపోలేదా?" అని అడిగింది మాలక్ష్మి.

అతను సమాధానం వెతుక్కుంటూ గదంతా చూశాడు. బీరువా మీద పలక కనబడింది. లేచి దాన్ని వెలుతురుకు వంచి పట్టుకున్నాడు. 'నాలుగింటికి లేపు' కింద, తడిగుడ్డతో ఎన్నోసార్లు తుడిచిన పాత అక్షరాల చారలు బూడిదరంగులో కనిపించాయి. ఎక్కడో ఒక 'ళ', ఒక సున్నా.

"ఇలాగే అండీ. అయస్కాంతపు రాత ఎంత చెరిపినా జాడ మిగులుతుంది. ఆ జాడను పైకి లేపే యంత్రం మా దగ్గరుంది. కాకపోతే..." అని ఆగి, పలకను ఎక్కడిదక్కడ పెట్టేశాడు. "కింది రాత చదవాలంటే పైది కడిగెయ్యాలి."

పై దాన్ని ముందే నకలు తీసుకోవచ్చు కదా అని ఆమె అడిగింది. అక్కడే ఉంది చిక్కు. ముప్పై అయిదేళ్ళ సముద్రపు గాలికి టేపు పొట్టులేచిపోయింది. ఏ యంత్రంలోనైనా ఒక్కసారే తిరుగుతుంది. తిరిగినంత మేరా వెనకాల పొడి అయిపోతుంది. ఆ ఒక్కసారీ పై పొర వినాలా, కింది పొర వినాలా, ఏదో ఒకటే. క్యాసెట్టు వాళ్ళది గనక నిర్ణయమూ వాళ్ళదే. అయితే ముందు యంత్రాన్ని సరిచూసుకోవడానికి మొదటి నాలుగు నిమిషాలు కింది పొర మీద నడపాలి, అందులో ఎలాగూ పేర్లే కదా పడేది అన్నాడు. ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఒక ప్రశ్న: పై కథనం సినిమా కథతోనే మొదలవుతుందా?

మాలక్ష్మి అవునని రాసి సంతకం పెట్టింది.

*

తప్పు ఆమెకు మూడు రోజుల తర్వాత, పదో తరగతి గదిలో తెలిసింది.

అయస్కాంతత్వం పాఠం. అట్టముక్క మీద ఇనుపరజను చల్లి, కింద అయస్కాంతం పెట్టి చూపిస్తోంది. ఈశ్వరి అనే పిల్ల లేచి, "టీచర్, అయస్కాంతం తీసేశాక కూడా రజను అలాగే ఉందేంటి?" అంది. తట్టేవరకూ అలాగే ఉంటుందని మాలక్ష్మి చెప్పింది. చెబుతూ అట్టను వేలితో తట్టింది. గీతలన్నీ చెదిరిపోయాయి. ఆ క్షణంలో ఆమెకు హార్బరు రోడ్డులోని బల్లలు కళ్ళ ముందుకొచ్చాయి. నూకరాజు ఎప్పుడూ కథతో మొదలెట్టేవాడు కాదు. తెర మీద పేర్లు పడుతున్నంతసేపూ వచ్చినవాళ్ళను పేరు పేరునా పలకరించేవాడు. ముందు బల్ల నుంచి వెనక బల్లదాకా. ఎవరి వలలో ఏం పడింది, ఎవరింట్లో పెళ్ళి అయింది, అన్నీ అందులో వచ్చేసేవి. అది ఆ పార్లరు పద్ధతి. ఆమెకు అది తెలుసు. టీచరు ట్రైనింగు రోజుల్లో వారానికి రెండుసార్లు వెళ్ళి మూడో బల్ల మీద కూర్చున్న మనిషి. కాగితం మీద ప్రశ్న 'సినిమా కథతోనే' అని అడిగింది, ఆమె అతని పద్ధతి మరిచి సినిమా గురించి జవాబు రాసింది.

బడి వదలగానే లాబుకు ఫోను చేసింది. ఆ ఉదయమే నాలుగు నిమిషాలు నడిపామని భానోజీ సంతోషంగా చెప్పాడు. అలల చప్పుడు అద్భుతంగా వచ్చిందట.

"పైన మాటలున్నాయాండీ?" అని అడిగింది ఆమె.

"పై పొర మీటరు ముల్లు కదిలిందండీ," అన్నాడు అతను. "గొంతుంది. మేం వినలేదు. వినే వీలుండదు. కడిగాకే కదా కిందిది వస్తుంది."

ఆ నాలుగు నిమిషాల్లో నూకరాజు కథ చెప్పేవాడిగా కాదు, నూకరాజుగా మాట్లాడి ఉంటాడు. మిగిలిన డెబ్బై రెండు నిమిషాలూ సినిమాలోని జపాను ఆడమనిషి కథ. మాలక్ష్మి ఆ సంగతి లిఖితకు ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు ఎవరిదో కూడా చెప్పింది. లిఖిత చాలాసేపు కంచంలో అన్నం కెలికింది.

"కథయినా పర్లేదమ్మా," అంది చివరికి. "నాకు నాన్న గొంతు కావాలి. ఏం చెప్పినా సరే. ఎక్కాలు చెప్పినా సరే."

*

లాబులో మాత్రం అందరి మనసూ కింది పొర మీదే ఉంది. భానోజీ పైకి అనలేదు గాని, ఆ యంత్రం మీద పదకొండేళ్ళు కూర్చున్నాడు. అది లోకానికి తెలిసేది ఈ ఒక్క సినిమాతోనే. జపాను సంఘం వాళ్ళు ఉత్తరం మీద ఉత్తరం రాశారు. ప్రతిదానిలోనూ మర్యాద ఎక్కువ, తొందర అంతకంటే ఎక్కువ. చివరికి, సంతకం చేసే ముందు ఒక్కసారి ఆ సినిమాకు శబ్దం పట్టిన మనిషితో మాట్లాడమన్నారు. పేరు హయాసే. ఎనభై ఆరేళ్ళు. ఆ సినిమాకు పనిచేసినవాళ్ళలో బతికున్నది ఆయనొక్కడే.

శనివారం ఉదయం లాబులో తెర మీద ఆయన కనిపించాడు. చెవికి యంత్రం, మెడకు మఫ్లరు. పక్కన దుభాషిగా ఒక తెలుగమ్మాయి. అక్కడే చదువుకుంటోందట. ఆయన అటూ ఇటూ పోకుండా, పైనున్న గొంతు ఏం చెబుతోందని అడిగాడు.

మాలక్ష్మి చెప్పింది. అది సముద్రానికి వెళ్ళి తిరిగిరాని మనిషి భార్య కథ. ఊరి చివర ఉప్పు నిల్వచేసే గది గోడల్లోంచి ఆమెకు సముద్రం వినిపిస్తూ ఉంటుంది. తన భర్త ఆమెకు పైడమ్మ అని పేరు పెట్టేవాడని, తప్పిపోయినవాడిని గవర్రాజు అనేవాడని చెప్పింది. దుభాషి నవ్వాపుకుంటూ అనువదించింది. ఆయన నవ్వలేదు. తల ఊపుతూ విన్నాడు.

"అరవై ఒకటో నిమిషంలో ఏం చెబుతాడు?" అని అడిగాడు.

ఆ చోటు మాలక్ష్మికి తెలుసు. పైడమ్మ ఉప్పు గది తలుపు తెరిచి లోపలికి వెళ్ళి నిలబడుతుంది. నలభై సెకన్లు ఏమీ జరగదు. ఆ తర్వాత గది ఖాళీగా ఉంటుంది. పార్లరులో నూకరాజు అక్కడికి రాగానే గొంతు తగ్గించి, 'ఇంక నాను సెప్పను. మీరే ఇనుకోండి' అని పక్కకు తప్పుకునేవాడు. ఎవరూ ఊపిరి కూడా పీల్చేవాళ్ళు కాదు. భయం ఉన్నచోట మాట ఉండకూడదనేవాడు.

ఆ మాట విన్నాక హయాసే మఫ్లరు కొసను వేలికి చుట్టుకున్నాడు. తర్వాత ఆయన మాట్లాడింది దుభాషి ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళోనూ మూగ సినిమాల పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడట. అలా కథ చెప్పేవాళ్ళలో మంచివాడెవడో అతను ఆగేచోట తెలిసేదట. ఆ నలభై సెకన్లు ఆయన నిజంగానే ఒక ఉప్పు గదిలో పట్టాడు. తలుపు వేసుకుని, ఒక్కడే. లేనిదాని శబ్దం పట్టుకురమ్మని దర్శకుడు చెప్పాడట. చూసినవాళ్ళు అందులో ఎవరో ఉన్నారని అంటారు. ఆయనకు ఆ రోజున ఏమీ వినిపించలేదు. అప్పటినుంచీ మళ్ళీ వినే అవకాశం రాలేదు.

"మిగతా శబ్దాలు తనకు గుర్తున్నాయంటున్నారు," అంది దుభాషి. "అలలు, తలుపు, చెక్క చెప్పులు. కావాలంటే మళ్ళీ చేసిస్తారట. సంఘం వాళ్ళకు కోపం వస్తుంది, రానివ్వమంటున్నారు. మీ భర్త గొంతు మీరు ఉంచుకోండి. కానీ ఆ నలభై సెకన్లు తనకు ఇమ్మంటున్నారు. మర్యాదగా అడిగే వయసు దాటిపోయింది, ఏమీ అనుకోవద్దంటున్నారు."

భానోజీ నేల చూస్తున్నాడు. లిఖిత తల్లి వైపు చూసింది. మాలక్ష్మి లెక్క వేసుకుంది. ఎలాగూ నూకరాజు మాట్లాడని నలభై సెకన్లు. ఇచ్చినా పోయేదేమీ లేదు.

"ఇస్తానని చెప్పండి," అంది.

*

బుధవారం ఉదయం పది గంటలకు యంత్రం తిప్పారు. మాలక్ష్మి బడికి సెలవు పెట్టింది. ఆమె పదేళ్ళలో పెట్టిన నాలుగో సెలవు అది.

యంత్రం కుట్టుమిషనంత ఉంది. టేపు ఒక గాజు గొట్టంలోంచి నత్తనడకన వచ్చి, శబ్దం చదివే తలను తాకి అవతలికి వెళ్తుంది. అవతల గాజుపళ్ళెంలో నల్లటి పొడి రాలుతుంది. తల పక్కన తెల్లటి మీట ఒకటి ఉంది. పైకి ఉంటే పై పొర, కిందికి నొక్కితే కింది పొర. టేపు సాగింది, ఎక్కడెక్కడ ఎంత సాగిందో తెలియదు, గడియారం చూసి అరవై ఒకటో నిమిషం పట్టుకోలేమని భానోజీ చెప్పాడు. తెర మీద బొమ్మ కూడా శబ్దం కంటే రెండు మూడు సెకన్లు వెనకబడి వస్తుంది. మాట ఎక్కడ ఆగుతుందో ఆ మాట తెలిసిన మనిషే వినిపట్టాలి. అందుకని మీట మీద మాలక్ష్మి చెయ్యి పెట్టించారు.

మొదట బుసబుసమని చప్పుడు. తర్వాత గొంతు వచ్చింది.

"...ఈవిడి పేరేటో నాకు తెల్దండి. జపానోళ్ళ పేర్లు మన నోట్ల తిరగవు. మనం పైడమ్మ అనుకుందారి. పైడమ్మ ఏటి సేస్తన్నాదంటే, వల ఎండేస్తన్నాది. ఎవుడి వల? ఆడిదే. గవర్రాజుగాడిది."

లిఖిత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. కాసేపటికి చేతులు తీసి, "ఇంత స్పీడా అమ్మా?" అంది మెల్లగా. "నాన్న ఇంత స్పీడుగా మాట్లాడేవాడా?"

అవును. సన్నంగానూ కాదు, లావుగానూ కాదు, వేగంగా. పలక మీద రాసే మనిషిని ఇరవై రెండేళ్ళు చూసి మాలక్ష్మి కూడా అది మర్చిపోయింది. పలక మీద ఒక్కో మాటకు ఆగేవాడు. ఇక్కడ ఆగడం లేదు. పైడమ్మను తిడుతున్నాడు, ఊరి పెద్దను వెక్కిరిస్తున్నాడు, అలలొస్తే 'ఒలమ్మో, జరగండి జరగండి' అని లేని జనాన్ని పక్కకు తోస్తున్నాడు. భానోజీ కూడా ఒకచోట నవ్వాడు. ఆమెకు మాత్రం నవ్వడానికి లేదు. బొటనవేలు మీట మీద ఉంది. గొంతు వింటూ గొంతును కనిపెట్టుకుని ఉండాలి. యాభై నిమిషాలు గడిచేసరికి మణికట్టు బిగుసుకుపోయింది. పళ్ళెంలో పొడి గుప్పెడైంది.

గొంతు తగ్గింది. పైడమ్మ ఉప్పు గది దగ్గరకు వచ్చిందన్నాడు. తలుపు మీద చెయ్యేసిందన్నాడు.

"ఇంక నాను సెప్పను..."

వేలు బిగిసింది. ఇంకా 'మీరే ఇనుకోండి' అనాలి. అప్పుడు నొక్కాలి. ఒక్క క్షణం ఆమెకు నొక్కబుద్ధి కాలేదు. అతను ఊరుకుంటే ఆ ఊరుకోవడం కూడా అతనిదే కదా అనిపించింది. షట్టరు దించిన గదిలో అతని ఊపిరి ఉంటుంది, కుర్చీ కిర్రుమంటుంది. కానీ పక్కనున్న ఇంకో తెర మీద, జపాను నుంచి వింటూ, హయాసే ముఖం ఉంది. కళ్ళు మూసుకుని, చెవి యంత్రాన్ని వేలితో నొక్కిపట్టుకుని.

"...మీరే ఇనుకోండి."

నొక్కింది.

గదిలో శబ్దం మారిపోయింది. బుసబుస పోయింది. అది నిశ్శబ్దమే గాని, ఏమీ లేని నిశ్శబ్దం కాదు. గోడలున్న నిశ్శబ్దం. లిఖిత తల్లి భుజం పట్టుకుంది. ఎవరో తలుపు అవతల నిలబడి, లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నట్టుంది. ఇరవై సెకన్లు దాటాక ఒక ఊపిరి లాంటిది వినిపించింది. వినిపించిందో లేదో. మీటరు ముల్లు పక్కన కూర్చున్న భానోజీ ముఖం పాలిపోయింది. అతను ముల్లునే చూస్తున్నాడు. నలభై అని వేళ్ళతో చూపించగానే ఆమె మీట పైకి లేపింది.

"...అని అడిగింది మూడో బల్ల మీద కూకునే మాలక్ష్మి," అంది నూకరాజు గొంతు, నవ్వుతూ. "మొన్న అందరూ ఎల్లిపోయాక. నాను అప్పుడు జవాబు సెప్పనేదు. బొమ్మ అయిపోనీండి, సెప్తాను. ఆఁ, సూడండి, గదిలో ఎవరూ నేరు!"

కథ మళ్ళీ పరుగెత్తింది.

షట్టరు దించుకుని మాటలు ఎక్కించిన ఆ మధ్యాహ్నం పార్లరులో జనం లేరు. ఎవరినీ భయపెట్టాల్సిన పని లేదు. ఆగాల్సిన చోట అతను ఆగలేదు. బొమ్మలో ఏమీ జరగని ఆ నలభై సెకన్లే అతనికి సొంతంగా మాట్లాడుకోవడానికి దొరికిన చోటు. అతనెక్కడ ఆగుతాడో తనకు తెలుసని ఆమె నమ్మింది. భానోజీ ముల్లు చూస్తూ ఎందుకు పాలిపోయాడో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఆ సేపంతా పై పొర ముల్లు కదులుతూనే ఉంది.

మిగిలిన పదిహేను నిమిషాలూ ఆమె మీట వదలలేదు. ఇంక అక్కర్లేదని భానోజీ రెండుసార్లు చెప్పాడు. వినబడనట్టే నిలబడింది. పైడమ్మ ఎండేసిన వల ఒడ్డున దొరికింది. ఊరివాళ్ళు ఉప్పు గదికి మేకులు కొట్టారు. అలల మీద ఆఖరి పేర్లు పడుతూంటే గొంతు, "అదండీ కథ. జాగర్తగా ఇళ్ళకెళ్ళండి," అంది. టేపు కొస గాజు గొట్టంలో కనబడింది. ఇంకో నాలుగు వేళ్ళ పొడవు.

"మర్సిపోయాననుకున్నావేటి?" అంది గొంతు. "ఔను. అదే నా జవాబు. ఔను."

కొస జారి పళ్ళెంలో పడింది.

*

సినిమాను బాగుచేసే పని మూడు నెలలు పట్టింది. సంఘం వాళ్ళకు కోపం వచ్చిన మాట నిజమే. హయాసే మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. వాళ్ళ ఊరి ఒడ్డున అలలను మళ్ళీ పట్టాడు. ఇళ్ళకు విడుదలైన ప్రతిలో రెండు శబ్దాలున్నాయి, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. ఒకటి ఆయనది. రెండోది పెట్టుకుంటే ఆ స్త్రీ పైడమ్మ అవుతుంది. తెలుగు రాని దేశాలవాళ్ళు కూడా ఎక్కువమంది రెండోదే పెట్టుకుంటున్నారని భానోజీ ఫోను చేసి చెప్పాడు. చెప్పి, ముల్లు కదులుతున్నప్పుడు తాను నోరు తెరవలేదని, తెరిచి ఉంటే ఆమె మీట లేపేదేమోనని, అందుకే తెరవలేదని కూడా చెప్పాడు. ఆమె విన్నది. తాను సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చి అతన్ని తప్పుపట్టలేదు.

హయాసే ఉత్తరం రాశాడు. నలభై సెకన్లనూ వందసార్లు విన్నాడట. ఇరవై మూడో సెకనులో ఊపిరి ఉంది. అది ఆనాడు గదిలో ఒంటరిగా ఉన్న తనదో, పైన కడిగేసిన మనిషిదో ఎంత విన్నా తేలలేదట. తేలకపోయినా ఫర్వాలేదని రాశాడు.

లిఖిత తండ్రి గొంతును ఫోన్లో ఎక్కించుకుంది. ఆఫీసుకు వెళ్తూ వింటుంది. ఈ మధ్య ఆమె కూడా కొంచెం వేగంగా మాట్లాడుతోంది. ఓ సాయంత్రం చేపలు కడుగుతూ, "ఏమడిగావమ్మా నాన్నని?" అంది.

మాలక్ష్మి నిజంగానే ఆలోచించింది. ఆ రోజుల్లో అందరూ వెళ్ళిపోయాక బల్లలు ఎత్తడంలో సాయం చేస్తూ అతన్ని చాలా అడిగింది. ఒక్కడివే ఉన్నప్పుడు నీకూ భయమేస్తుందా అని అడిగింది. ఈ దెయ్యం బొమ్మలు మానెయ్యొచ్చుగా అనడిగింది. మా నాన్నతో వచ్చి మాట్లాడతావా అనడిగింది. పోయినవాళ్ళు తిరిగి రావాలనుకుంటారంటావా అని కూడా, ఆ ఉప్పు గది బొమ్మ చూసిన రోజునే, అడిగినట్టు గుర్తు. ఔను అన్నిటికీ సరిపోతుంది. పెళ్ళయ్యాక అతన్నే అడిగి తెలుసుకునే వీలుండేది. క్యాసెట్టులో జవాబు ఉందని ఆమెకు తెలియదు. ఉందన్న సంగతి అతను పలక మీద ఎప్పుడూ రాయలేదు.

పలక ఇప్పుడు బీరువా మీద లేదు. కిందికి దించి, బల్ల మీద పెట్టుకుంది. 'నాలుగింటికి లేపు' పైన జానెడు చోటుంది. కుడి పక్కన 'ఔను' అని రాసింది. ఎడమ పక్కన ప్రశ్న రాయడానికి బలపం పట్టుకుని ఇప్పటికి చాలాసార్లు కూర్చుంది.

ప్రశ్న ఇంకా రాయలేదు.